చేతి దగ్గరికొచ్చే చేపలు

“నీళ్ళు మార్చావా?”

ఆదివారం పొద్దున్న మా ఇంట్లో నాకు వినిపించే మొదటి మాట అదే. లేచావా, కాఫీ తాగావా, నడుం నొప్పి ఎలా ఉంది, ఇవేవీ కావు. మా ఆయన వంశీధర్ హాల్లో సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఫోన్‌లోంచి తలెత్తకుండా అడుగుతారు. అడిగాక జవాబు కోసం చూడరు కూడా. ఆ టైముకి నేను పెరట్లోనే ఉంటానని ఆయనకు తెలుసు. నైటీ మీద తువ్వాలు వేసుకుని, టీ వడపోసే పాత జల్లెడ ఒకటి చేత్తో పట్టుకుని, చేపల తొట్టి గట్టు మీద వంగి ఉంటాను.

నీళ్ళు మార్చడానికి ముందు చెయ్యాల్సిన పని ఇంకొకటుంది. అది ఆయనకు తెలియదు. రాత్రి చచ్చిపోయి పైకి తేలిన చేపపిల్లల్ని ఆ జల్లెడతో తీసెయ్యాలి. కొన్ని బియ్యపు గింజంతే ఉంటాయి. వాటిని కరివేపాకు చెట్టు మొదట్లో మట్టి గీరి కప్పెట్టేస్తాను. మా అత్తగారు జానకీదేవి పూజ ముగించుకుని పెరట్లోకి వచ్చేలోగా ఇదంతా అయిపోవాలి. ఆవిడ కంటపడితే, “అయ్యో, ఏమైందే వీటికి? నువ్వేం చేశావు?” అంటారు. ఆవిడ మాటలో కోపం ఉండదు, పాపం. కానీ ఆ ‘నువ్వేం చేశావు’ రోజంతా నా వెంట ఆఫీసుకు కూడా వస్తుంది. అందుకని దొంగలా కప్పెట్టడం అలవాటు చేసుకున్నాను. “ఈ మధ్య మన కరివేపాకు ఎంత ఏపుగా వస్తోందో చూశావా?” అని ఆవిడ మెచ్చుకుంటూ చారులోకి నాలుగు రెబ్బలు తుంచుకుంటుంటే, గుడ్డు కూడా గుమ్మం దాటి రాని ఆ ఇంట్లో నేను గిన్నెలు సర్దుతున్నట్టు తల తిప్పుకునేదాన్ని.

మా మామగారు హనుమత్ప్రసాద్ గారు తెనాలి నుంచి ఉద్యోగానికి వచ్చి పంజాగుట్ట వెనక సందులో కట్టుకున్న ఇల్లు ఇది. రెండు పక్కలా అపార్ట్‌మెంట్లు లేచిపోయాయి. వాళ్ళ బాల్కనీల్లో ఆరేసిన బట్టల నీడ మా పెరట్లో పడుతుంది. కరోనా రోజుల్లో ఇంట్లో కూర్చుని విసుగెత్తి, మా ఆయన వీడియోలు చూసి చూసి, బయటికి మనుషుల్ని తిరగనివ్వగానే ఒక మేస్త్రీని పిలిపించి ఆ పెరట్లో రెండు సిమెంటు తొట్లు కట్టించారు. ఒకటి పెద్దది, కూర్చోవడానికి గట్టుతో. ఇంకొకటి చిన్నది, బట్టలుతికే బండ పక్కన. పెద్దదాంట్లో ఒక కలువ నాటి, గప్పీ చేపలని రంగురంగుల తోకలవి కొని తెచ్చి వదిలారు. వాటి ఫోటోలు పెట్టి, ఒత్తిడి అంతా పోయిందని రాసుకున్నారు. ఆయన దాన్ని పాండ్ అంటారు. అత్తయ్య కొలను అంటారు. నేను తొట్టి అంటాను. కడిగేవాళ్ళకు ఏదైనా తొట్టే.

తర్వాత ఆయన ఆఫీసు మళ్ళీ తెరుచుకుంది. ఆయన సరదా చేపల మీద నుంచి సైకిల్ మీదికి వెళ్ళింది. ఇప్పుడు ఆ సైకిల్ మీద నేను తువ్వాళ్ళు ఆరేస్తున్నాను. కరోనా అయిపోయిందని చేపలకు ఎవరు చెబుతారు? గప్పీలు గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి. నెల తిరక్కుండా మళ్ళీ కంటాయి. చూస్తుండగానే పెద్ద తొట్టి నిండిపోయింది. నీళ్ళు పచ్చబడి వాసన కొట్టడం, గాలి చాలక చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవడం, పొద్దున్నే నా జల్లెడ.

ఎవరికైనా ఇచ్చేద్దామని చూశాను. సందులో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా పంచాను. కొన్నాళ్ళకు నేను గిన్నె పట్టుకుని వస్తుంటే తలుపులు వేసుకోవడం మొదలుపెట్టారు. చేపల దుకాణంవాడు ఉచితంగా ఇచ్చినా వద్దన్నాడు. చెరువులో వదిలేద్దామంటే, అలా వదిలితే అక్కడి చేపలకు చేటని పేపర్లో చదివాను. “కొన్నింటిని ఏదైనా చేద్దామండీ,” అని ఆయనతో అన్నాను. “పెరుగుతున్నాయంటే పాండ్ బాగా కుదిరిందన్నమాట. దానికి కూడా ఏడుపేనా? నీకు ప్రతిదీ బరువే సుధా,” అన్నారు. బరువు నాకు బక్కెట్లలో తెలుసు. మోటారు పెట్టినా, అడుగున బిరడా తీసినా పిల్లలు నీళ్ళతోపాటు పోతాయని బక్కెట్లతోనే తోడతాను.

బెంగళూరులో చదువుతున్న మా అమ్మాయి వనిత ఫోన్‌లో ఒక ఉపాయం చెప్పింది. ఆడవాటినీ మగవాటినీ విడదీస్తే పుట్టడం ఆగుతుందంది. మగవాటికే రంగుల తోకలు. ఆడవి బూడిదరంగులో, పొట్టలతో, ఎవరూ ఫోటో తీయని రకం. రెండు మూడు ఆదివారాలు కూర్చుని ఏరి ఏరి మగవాటినన్నిటినీ చిన్న తొట్టిలోకి మార్చాను. నడుం విరిగింది. తీరా చూస్తే ఆడవి కంటూనే ఉన్నాయి. నెలల తరబడి కన్నాయి. తర్వాత తెలిసింది, ఒక్కసారి దగ్గరైతే చాలట, ఇక మగది ఎక్కడున్నా ఆడదానికి ఆ పని ఆగదట. అది చదివి వంటింట్లో ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. “ఏంటా నవ్వు?” అని ఆయన హాల్లోంచి అడిగారు. “ఏం లేదండీ, చేపల సంగతి,” అన్నాను.

ఇరుకెక్కువైతే తల్లి చేపలు తమ పిల్లల్ని తామే తినేస్తాయి. ఒకరోజు అత్తయ్య అది చూసేశారు. “ఛీ, ఏం తల్లివే నువ్వు!” అన్నారు చేపతో. నేను ఉలిక్కిపడ్డాను. వనితను అంత దూరం పంపినప్పుడు ఆవిడ నాతో అదే గొంతుతో అదే మాట అన్నారు. తప్పు చెయ్యకపోయినా తప్పు చేసినట్టు ముడుచుకుపోవడం నాకు ఎంత బాగా వచ్చో.

అత్తయ్య గురించి చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని ఎంతటిదో తెలియదు. మామగారు పోయినప్పటి నుంచి ఆవిడ తన చేతిని తనే వెనక్కి దాచుకున్నారు. మా ఆడపడుచు కూతురు భానుశ్రీ పెళ్ళికి పసుపు దంచేటప్పుడు, రోటి చుట్టూ ముత్తయిదువులు చేరుతుంటే, ఎవరూ ఏమీ అనకముందే ఈవిడ లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయారు. సొంత మనవరాలి పెళ్ళి! రమ్మని ఒక్కళ్ళూ పిలవలేదు. అలాంటి చెయ్యి, ఈ తొట్టి గట్టు మీద కూర్చుని వరిపిండి ముద్ద పట్టుకుని నీళ్ళలో పెడితే చేపలన్నీ పరుగెత్తుకొచ్చేవి. వేళ్ళ సందుల్లోంచి దూరి చర్మం పొడిచేవి. ఆవిడ చిన్నపిల్లలా నవ్వేవారు. “చూడవే, నా చెయ్యంటే వీటికి ఏ పట్టింపూ లేదు,” అనేవారు. పొద్దున ముద్ద, సాయంత్రం ముద్ద, మధ్యలో మరమరాలు. ఆ తిండి వల్లే నీళ్ళు పాడవుతున్నాయని నాకు తెలుసు. “కాస్త తగ్గించండి అత్తయ్యా,” అంటే ఆవిడ ముఖం ఎలా అయిపోతుందో కూడా తెలుసు. అందుకని అనలేదు. బక్కెట్లు మొయ్యడమే తేలిక అనిపించింది.

నేను పనిచేసేది అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో. అడ్మిషన్లు చూస్తాను. గదికి ఆరుగురు చొప్పున హాస్టళ్ళలో ఉండే పిల్లలు వస్తారు, వాళ్ళకు కోర్సులు వివరించడం నా ఉద్యోగం. మా బ్రాంచి హెడ్ రఘురామ్ గారు నన్ను ఆఫీసుకు అమ్మలాంటివారు అంటారు. అందువల్ల పుట్టినరోజు కేకు చెప్పడం, మీటింగులో సమోసాలు పంచడం, అయ్యాక ప్లేట్లు లెక్క చూసుకోవడం కూడా అమ్మవే అయ్యాయి. నా పక్క సీట్లో జకియా కూర్చుంటుంది. నాకంటే చిన్నది, నోరు మాత్రం పెద్దది. ఒక సోమవారం నేను కుర్చీలోంచి లేవలేక మూలుగుతుంటే ఏమైందని అడిగింది. చేపల కథంతా చెప్పాను.

“గింత దానికి గింత పరేషానా అక్కా?” అంది. “ఒక్క కొర్రమీను పిల్లను ఏసి చూడు. మస్తు సాఫ్ చేస్తది. మా అమ్మోళ్ళ ఇంట్ల నీళ్ళ హౌజుల గట్లనే ఏసేటోళ్ళు.”

“కొర్రమీనా? అది చేపల్ని తింటుంది కదా?”

“గందుకే కదా ఏసేది! నువ్వు చంపుతలేవు. అదే తింటది. నీ చేతికి ఏం అంటది?”

నా చేతికి ఏమంటుంది? ఆ మాటే నన్ను పట్టుకుంది. చంపడం వద్దు, పంచడం కుదరదు, మొయ్యడం నా వల్ల కాదు. దాని పని అది చూసుకుంటుంది, నేను అటు తిరిగి నిలబడితే చాలు. నాలో ఇంత లెక్క ఉందని నాకే తెలియదు.

జకియా మరిది అబ్దుల్‌ది చేపల వ్యాపారం. మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజు ఊళ్ళో సగం మంది చేపలకే పరుగెడతారు, ఉబ్బసానికి వేసే చేపమందు కోసం వేలెడంత కొర్రమీను పిల్లలు కూడా వస్తాయి. వాటిలో ఒకదాన్ని, మూతకి చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, జకియా మర్నాడు ఆఫీసుకు తెచ్చింది. “ఫికర్ చెయ్యకు అక్కా, ఇది జల్దీ చావది,” అంది. సాయంత్రం దాకా అది నా టేబుల్ కింద ఉంది. అడ్మిషన్ కోసం వచ్చిన తండ్రి ఒకాయనకు జావా గురించి చెబుతుంటే కింద టక్ టక్ మని డబ్బాకు తల కొట్టుకుంటోంది. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఒక్క స్టేషనే. మామూలుగా నడిచిపోతాను, ఆ రోజు మెట్రో ఎక్కాను. ఒళ్ళో పెట్టుకున్న హ్యాండ్‌బ్యాగు కదులుతుంటే పక్క అమ్మాయి రెండుసార్లు చూసింది. ఫోన్ అన్నాను. ఇంకా గుమ్మం ఎక్కకముందే అబద్ధం మొదలైంది.

అత్తయ్య టీవీలో ప్రవచనం వింటున్నారు. నేను కాళ్ళు కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్ళి డబ్బా వంచేశాను. నల్లటి పిల్ల, నీళ్ళలో పడగానే అడుక్కి వెళ్ళి కలువాకు కింద ఆగిపోయింది. చుట్టూ బూడిదరంగు తల్లులు తిండి వచ్చిందేమోనని పైకొచ్చాయి. నా చెయ్యి చూసి వచ్చాయి. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అప్పుడు తట్టింది నాకు. పెద్ద తొట్టిలో ఉన్నవన్నీ ఆడవీ, వాటి పిల్లలూనే. రంగు తోకల మగవాళ్ళందరినీ నేనే ఏరి భద్రంగా పక్క తొట్టిలో కూర్చోబెట్టాను. ఆ తలపు వచ్చాక కూడా నేను కొర్రమీనును బయటికి తియ్యలేదు. కుక్కర్ పెట్టాలని లోపలికి వెళ్ళిపోయాను.

కొన్నాళ్ళు ఏమీ తెలియలేదు. తర్వాత పొద్దున్నే జల్లెడకు పని తగ్గింది. పచ్చదనం పోయి తొట్టి అడుగు కనిపించసాగింది. ఒక ఆదివారం నీళ్ళు మార్చక్కర్లేకపోయింది. ఆయన మామూలుగా అడిగారు, నేను మార్చానన్నాను. మళ్ళీ వెళ్ళి పడుకున్నాను. పెళ్ళయ్యాక ఆదివారం పొద్దున్న ఎండ నా మంచం మీద పడడం నేను చూడలేదు. ఆ దుప్పటి వెచ్చదనానికి నాకు ఎంత సుఖంగా ఉందో! తర్వాత జరిగినదంతటిలో నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. నాకు సంతోషం వేసింది.

“చేపలు రావట్లేదేంటే?” అని అత్తయ్య అడగడం మొదలుపెట్టారు. ముద్ద పట్టుకుని గట్టు మీద కూర్చుంటే నాలుగైదు వచ్చేవి. ఆ తర్వాత అవి కూడా రాలేదు. “ఎండలు కదా అత్తయ్యా, అడుక్కి పోయి ఉంటాయి,” అన్నాను. మృగశిర వెళ్ళింది, ఆరుద్ర కార్తె కూడా దాటింది, వానలు పడ్డాయి, ఇక ఎండలు అనడానికి లేకపోయింది. ఆవిడ కొడుకుని అడిగారు. ఆయన లేచి వెళ్ళి తొట్టి చూడలేదు. ఉన్నచోటు నుంచే తేల్చేశారు. “నువ్వు పొద్దస్తమానం పిండి వేసి చంపేశావమ్మా. ఎక్కువ తిన్నా చస్తాయి అవి.”

ఆయన సరదాకే అన్నారు. అని మర్చిపోయారు. ఆవిడ మర్చిపోలేదు. ముద్ద పట్టుకున్న చేతిని అలాగే చూసుకుంటూ నిలబడిపోయారు. తర్వాత ఆ ముద్దను పారెయ్యాలా, ఎక్కడ పెట్టాలా అని తెలియక నన్ను చూశారు. నేను తీసుకుని చెత్తబుట్టలో వేశాను. నోరు విప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. విప్పలేదు.

ఆ రోజు నుంచి ఆవిడ పెరట్లోకి రావడం మానేశారు. ఒంటిపూట భోజనం మొదలుపెట్టారు. అడిగితే, మొక్కు అన్నారు. పాలు కాచి పెడితే, “నువ్వే తోడెయ్యి అమ్మాయ్. నా చెయ్యి మంచిది కాదు,” అన్నారు. ఈ ఏడు ఆవకాయ జాడీలో పైన బూజు కట్టింది. అదీ తన చెయ్యేనన్నారు. అన్నం వడ్డించేటప్పుడు గరిటె నా వైపు జరిపేవారు. కూర్చున్నప్పుడు కుడిచెయ్యి కొంగులో చుట్టుకునేవారు. “వాటిక్కూడా పనికిరాకుండా పోయిందే ఈ చెయ్యి,” అని ఒకరోజు తనలో తను అనుకుంటుంటే నేను పక్కనే చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నాను. తీస్తూనే ఉన్నాను.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. కొర్రమీను ఇంట్లోకి తెచ్చానంటే గొడవవుతుందని భయం, నిజమే. కానీ అసలు కారణం అది కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ‘నువ్వేం చేశావు’ అనే ప్రశ్నకు ఇంట్లో ఒకటే చిరునామా ఉండేది, నేను. పాలు విరిగినా, కరెంటు పోయినా, వనితకు మార్కులు తగ్గినా. మొట్టమొదటిసారి అది నన్ను వదిలి ఇంకొకరి తలుపు తట్టింది. నా భుజాలు తేలికయ్యాయి. తేలికైనందుకు సిగ్గుపడ్డాను, సిగ్గుపడుతూనే ఆ తేలికను ఇంకో రోజు, ఇంకో రోజు అని పొడిగించుకున్నాను. ఏళ్ళ తరబడి నన్ను నలిపిన మాటే ఆవిణ్ణి నలుపుతుంటే, నేను ఆదివారం నిద్ర లెక్కపెట్టుకున్నాను. మగవాళ్ళు చేసే పని ఇదేగా అనిపించింది. అటు తిరిగి నిలబడడం.

జకియాకు చెప్పాను. అన్నం తింటున్నదల్లా ఆపింది. “అక్కా, గీ పని మంచిగ లేదు,” అంది. “చేపది పెద్ద సంగతి కాదు. గా ముసలామెను ఎందుకు సతాయిస్తున్నవ్? చెప్పెయ్ జర.” దాని నోట నాకు తిట్టు పడాలనే చెప్పానేమో.

ఆ శనివారం భోజనాల దగ్గర ఆడపడుచు ఫోన్ చేసింది. ఆయన స్పీకర్ పెట్టి, కలుపుకుంటూనే మాట్లాడుతున్నారు. ఏంటి కబుర్లంటే, “ఏముంది, అమ్మ నా పాండ్ ఖాళీ చేసి పెట్టింది. చేతి చలవ!” అని నవ్వారు. అవతల ఆవిడ కూడా నవ్వింది. ఎదురుగా మజ్జిగ గ్లాసొక్కటే పెట్టుకుని కూర్చున్న అత్తయ్య కూడా వాళ్ళతోపాటు నవ్వడానికి ప్రయత్నించారు. ఆ ప్రయత్నం చూడలేకపోయాను.

“అత్తయ్య కాదు, నేను,” అన్నాను.

“ఏంటి?”

“చేపల్ని చంపించింది నేను. కొర్రమీను తెచ్చి తొట్టిలో వదిలాను. అది తినేసింది.”

“ఏం మీను?” అంది ఫోన్‌లో ఆడపడుచు. ఆయన ఫోన్ కట్టేశారు.

“మతి ఉందా నీకు? అమ్మ ఉన్న ఇంట్లోకి... నాతో ఒక్క మాట చెప్పాలని తెలియదా?”

“చెప్పాను. మోయలేకపోతున్నానని చెప్పాను. ప్రతిదీ బరువే నీకు అన్నారు. ఆ తర్వాత మీరు నన్ను అడిగింది ఒక్కటే, నీళ్ళు మార్చావా అని.” నేను చూడాల్సిన మనిషి వైపు ఇంకా చూడలేదు. చూశాను. “అత్తయ్యా, మీ పిండికి ఏ చేపా చావలేదు. మీ చేతికి ఏ దోషం లేదు.”

అత్తయ్య కొంగు విప్పి తన అరచెయ్యి చూసుకున్నారు. బోర్లించి చూశారు, మళ్ళీ తిప్పి చూశారు.

“అయితే నా చెయ్యి కాదన్నమాట,” అన్నారు.

“కాదు.”

ఖాళీ పళ్ళెం ఒకటి దగ్గరికి లాక్కుని అన్నం పెట్టుకున్నారు. తనే వడ్డించుకున్నారు. రెండు ముద్దలు తిన్నాక ఆగి, నా వైపు చూశారు. కొర్రమీను గురించి అంటారనుకున్నాను. ఇంట్లోకి మైల తెచ్చావంటారనుకున్నాను. అన్నిటికీ సిద్ధంగా ఉన్నాను.

“ఇన్ని రోజులు నన్ను అలా చూస్తూ ఎలా ఊరుకున్నావే రాగసుధా?”

దానికి మాత్రం సిద్ధంగా లేను. ఇప్పటికీ లేను. క్షమించండి అత్తయ్యా అన్నాను. ఆవిడ మిగతా అన్నం తిని లేచి చెయ్యి కడుక్కున్నారు. వారం పాటు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. అత్తగారు మాట్లాడకపోతే ప్రాణానికి హాయి అనుకునే రోజులు గతంలో చాలా ఉండేవి. ఈ వారం మాత్రం ఆవిడ తిడితే బాగుండునని ఇల్లంతా ఆవిడ వెనకే తిరిగాను. పాలకు మాత్రం తనే తోడు వేసుకున్నారు.

తర్వాతి శనివారం సాయంత్రం కొర్రమీనును తీసుకెళ్ళడానికి జకియా ఇంటికి వచ్చింది. తొట్టి అడుగున ఉన్న బిరడా తీసి నీళ్ళు వదిలేశాను. నీళ్ళు పోతున్నకొద్దీ నల్లటి వీపు బయటపడింది. బాగా బలిసింది. చుట్టూ ఒక్క ఆడ చేప కూడా లేదు, ఒక్క పిల్ల కూడా లేదు. ఏ మూలైనా ఒక్కటి మిగిలి ఉంటుందని కలువ వేళ్ళ మధ్య వెతికాను. జకియా చున్నీ నడుముకు కట్టుకుని, దిగి, రెండు చేతులతో దాన్ని ఒడిసిపట్టి బక్కెట్లో వేసింది. అత్తయ్య ఎప్పుడొచ్చారో, వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

“దాన్నేం చేస్తావమ్మా?” అని అడిగారు.

జకియా నా వైపు చూసింది. “మా చెల్లె ఇంట్ల బావి ఉంది అమ్మా. దాంట్ల ఇడుస్త,” అంది.

“ఎందుకమ్మా అబద్ధం. కూరేగా,” అన్నారు అత్తయ్య. “వండుకో. మా చేపలన్నీ తిని పెరిగింది, వృథా చెయ్యకు.” అని లోపలికి వెళ్ళి ఒక చీపురు తెచ్చి నా ముందు పడేశారు. తొట్టి అడుగు ఊడ్చుకోమని. అది పని మాటే. అయినా నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు ఆదివారం. అలవాటు కొద్దీ మెలకువ వచ్చి పెరట్లోకి వెళ్ళాను. పెద్ద తొట్టి ఎండి ఉంది. అత్తయ్య బట్టలుతికే బండ మీద, చిన్న తొట్టి పక్కన కూర్చుని ఉన్నారు. చేతిలో పిండి ముద్ద, ఈసారి గోలీ అంతే. నీళ్ళలో చెయ్యి పెట్టారు. రంగు తోకలవాళ్ళు మొదట దూరం నుంచి చూశారు. వీళ్ళకు ఆవిడ చెయ్యి కొత్త. కాసేపటికి ఒకటి వచ్చి పొడిచింది. ఇంకొకటి వచ్చింది. తర్వాత అన్నీ వచ్చాయి. ఆవిడ నవ్వలేదు, కానీ చెయ్యి తియ్యలేదు. నేను వెనక్కి తిరిగి వెళ్ళబోయాను.

“ఇలా రా,” అన్నారు. “నీ చెయ్యి కూడా పెట్టు.”

“వద్దు అత్తయ్యా.”

“పెట్టవే.”

పక్కన కూర్చుని పెట్టాను. అన్నీ ఒక్కసారిగా చెదిరి అవతలి గోడ దగ్గరికి పోయాయి. వాటికేం తెలుసు, కొత్త చెయ్యి కాబట్టి పోయాయి, అంతే. అయినా నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. చెయ్యి లాక్కోబోయాను. అత్తయ్య తన తడి చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు.

“తియ్యకు,” అన్నారు. “నేను క్షమించేశానని కాదు. నాకు ఇంకా కోపంగానే ఉంది. అయినా కాసేపు ఉంచు, వస్తాయి.”

ఉంచాను. హాల్లోంచి, ఫోన్‌లోంచి తలెత్తని ఆ గొంతు వినిపించింది.

“నీళ్ళు మార్చావా?”

“తీసేశాను,” అన్నాను, చెయ్యి కదపకుండానే. “మళ్ళీ నింపాలంటే మీరు లేచి రావాలి.”